ఫారానికీ ఒక వ్యాకరణం: కోలారు సీమ ఉదాహరణలతో వ్యాపార సాఫ్ట్‌వేర్ ఫారాల పరిచయం

తెలుగు చదువుకుని, ఆపైన కంప్యూటర్ శిక్షణ పొంది బెంగళూరులో ఉద్యోగాలకు చేరుతున్న విద్యార్థులు మా వద్దకు అప్పుడప్పుడు వస్తూ ఉంటారు. వారిలో ఒకరు మొన్న ఇలా అడిగారు: "మా ఆఫీసులో మాస్టర్ ఫారం వేరు, ట్రాన్సాక్షన్ ఫారం వేరు అంటున్నారండీ. నాకు రెండూ తెర మీది గడుల్లాగే కనిపిస్తున్నాయి. తేడా ఏమిటో తెలియక తల ఊపి వచ్చేశాను." సాఫ్ట్‌వేర్ రాయడం మా వృత్తి కాదు. అయినా ఈ ప్రశ్న భాషాశాస్త్రానికి బయటిది కాదని మాకు తోచింది. ఫారం అంటే ముందే సగం రాసిపెట్టిన వాక్యం. మిగిలిన సగాన్ని నింపేవాడు పూరిస్తాడు. ఎక్కడెక్కడ ఖాళీలు ఉండాలి, వాటిని ఎవరు నింపాలి, నింపినదాన్ని ఎవరు దిద్దవచ్చు అన్నవి ఫారం తయారుచేసినవాడు ముందుగానే నిర్ణయించి ఉంచుతాడు. కనుక ఫారానికీ ఒక వ్యాకరణం ఉంటుంది. ఆ వ్యాకరణాన్ని ఈ వ్యాసంలో స్థూలంగా పరిచయం చేస్తాము.

ఉదాహరణలను కోలారు జిల్లా నుంచీ, కోలారు బంగారు గనుల నుంచీ తీసుకుంటున్నాము. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి ఆఫీసులో కన్నడం రాసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరిన బాగేపల్లి, చింతామణి తాలూకాల్లోనూ ఇదే పరిస్థితి. ఒక భాషలో బతుకుతూ మరో భాషలోని ఫారం నింపవలసి వచ్చినవారికి ఫారం స్వభావం మిగతావారికన్నా త్వరగా తెలుస్తుంది. ఆంధ్ర, తెలంగాణల వెలుపల చదువుతున్న మన విద్యార్థులకు ఈ అనుభవం కొత్తది కాదు.

1. మాస్టర్ ఫారం: నామవాచకం

సంస్థ వ్యవహారాలన్నిటినీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్‌లో మొదట కనిపించేది మాస్టర్ ఫారం. ఐబిఎంలో పనిచేసి బయటికి వచ్చిన ఐదుగురు 1972లో జర్మనీలో స్థాపించిన శాప్ మొదలుకొని ఈనాటి చిన్న దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్ వరకు అన్నిటా ఇది ఉంటుంది. ఉన్నవారు ఎవరు, ఉన్న వస్తువులు ఏవి అన్నది ఇందులో నమోదవుతుంది. ఖాతాదారు, ఉద్యోగి, సరుకు, ఊరు, భూమి ఇలాంటివి. వ్యాకరణంలో వీటిని నామవాచకాలు అంటాం. ఇవి రోజూ మారవు. ఒకసారి రాసి, అవసరమైనప్పుడు మాత్రమే సవరిస్తారు.

కోలారు పల్లెలో పాల సహకార సంఘాన్ని తీసుకుందాం. సభ్యుని సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, బ్యాంకు ఖాతా, ఇవన్నీ సభ్యుల మాస్టర్‌లో ఉంటాయి. ఆ సభ్యురాలు ఈ ఉదయం ఎన్ని లీటర్లు పోసిందన్నది అందులో ఉండదు. దాని చోటు వేరు.

చూడటానికి సులువుగా ఉన్నా, ఎక్కువ తప్పులు జరిగేది మాస్టర్ ఫారంలోనే. పేరు గడినే చూడండి. పాశ్చాత్య దేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఇస్తుంది. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. కోలారు సీమలో ఇంటిపేరు రాయని కుటుంబాలే ఎక్కువ. తండ్రి పేరులోని మొదటి అక్షరమో, ఊరి పేరులోని అక్షరమో ముందు చేరుతుంది. పాత మైసూరు రికార్డుల్లో ఫలానావాని కొడుకు అనడానికి 'బిన్' అనీ, ఫలానావాని భార్య అనడానికి 'కోం' అనీ రాస్తారు. బిన్ అన్నది అరబ్బీ మాట. తెలుగు రైతు పేరు, కన్నడ లిపి, నడుమ అరబ్బీ సంబంధవాచకం. ఇదే పహణీలోని వాక్యం. ఒకే ఊళ్ళో ముగ్గురు మునివెంకటప్పలు ఉంటే వారిని వేరుచేసేది ఆ బిన్ తరువాత వచ్చే పేరే. దానికి చోటు ఇవ్వని ఫారం ముగ్గురినీ ఒకే మనిషిని చేస్తుంది.

2. లావాదేవీ ఫారం: క్రియ

జరిగినదాన్ని నమోదు చేసేది ట్రాన్సాక్షన్ ఫారం. మనం లావాదేవీ ఫారం అందాం. క్రియకు కాలం తప్పనిసరి అయినట్టే దీనికి తేదీ తప్పనిసరి. క్రియకు కర్త, కర్మ కావలసినట్టే దీనికి మాస్టర్ ఫారంలోని నామవాచకాలు కావాలి. మాస్టర్‌లో లేని సభ్యుని పేర పాలు రాసుకోవడానికి వీలుండదు.

ఈ ఫారం సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. పై భాగాన్ని శీర్షం అనీ, కింది భాగాన్ని వరుసలు అనీ పిలవవచ్చు. పాల సంఘం ఫారంలో శీర్షంలో సంఘం పేరు, తేదీ, ఉదయమా సాయంత్రమా అన్నది ఉంటాయి. కింద ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క వరుస. అందులో సభ్యుని సంఖ్య, లీటర్లు, వెన్న శాతం, ధర, మొత్తం. అందరికీ ఉమ్మడిగా వర్తించేది పైన ఒక్కసారి, విడివిడిగా వర్తించేది కింద అనేకసార్లు రాస్తారు. గనుల్లోని హాజరు మస్టరు సైతం ఇదే పోలికలో ఉండేది. కంప్యూటర్ ఈ పద్ధతిని కొత్తగా కనిపెట్టలేదు, కాగితం నుంచి అరువు తెచ్చుకుంది.

ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక సౌకర్యం ఉంది. మన భాషలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని రెండున్నాయి. 'పాలు పోసి' అంటే వాక్యం ముగియలేదు, ఇంకా మార్చవచ్చు. 'పాలు పోసింది' అంటే ముగిసింది. లావాదేవీ ఫారానికీ ఈ రెండు దశలు ఉంటాయి. చిత్తుగా భద్రపరచినది అసమాపకం. లెక్కల్లోకి ఎక్కించినది సమాపకం. ఎక్కించిన తరువాత చెరిపివేయడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. తప్పు జరిగితే దాన్ని రద్దుచేసే మరో లావాదేవీ రాయాలి. అప్పుడు తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది. పాత లెక్కల పుస్తకాల్లో అంకెను గీకి చెరపకుండా, ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టమనడం ఇందుకే.

3. జాబితా, ఎంపిక, సంభాషణ

ఈ రెండు ప్రధాన రకాల చుట్టూ కొన్ని సహాయక ఫారాలు ఉంటాయి.

జాబితా ఫారం: ఉన్న నమోదులన్నిటినీ వరుసగా చూపి, వెతకడానికీ వడపోయడానికీ వీలిస్తుంది. ఇది ప్రశ్నార్థక వాక్యం. 'ఫలానా సర్వే నంబరు ఎవరి పేర ఉంది?' అని అడగడానికి పనికివస్తుంది.

ఎంపిక ఫారం: దీన్ని లుకప్ అంటారు. గడిలో ఇష్టం వచ్చినట్టు రాయనివ్వకుండా, ముందే ఉన్న జాబితాలోంచి ఒకదాన్ని ఎన్నుకోమంటుంది. భాషలో సర్వనామాలు కొద్దివే, కొత్తవి చేరవు. నామవాచకాలు మాత్రం రోజూ పుడుతుంటాయి. ఫారంలో ఏ గడి మొదటి తరగతిది, ఏ గడి రెండో తరగతిది అని తేల్చడం పెద్ద నిర్ణయం. పంట పేరును జాబితాలోంచి ఎన్నుకోమంటే రాగి, టమాటా, మామిడి, మల్బరీ అని ఒకే తీరుగా నమోదవుతాయి, మొత్తాలు కూడడం తేలిక. కాని రెండు పంటలు కలిపి వేసిన రైతుకు ఆ జాబితాలో చోటు లేకపోతే అతని పొలంలో ఉన్నది ఒకటి, రికార్డులో ఉన్నది మరొకటి అవుతుంది.

సంభాషణ ఫారం: దీన్ని డైలాగ్ అంటారు. పని మధ్యలో ఆపి ఒక్క విషయం అడుగుతుంది. 'ఈ నమోదును తొలగించమంటారా?' అన్నది దీనికి ఉదాహరణ. జవాబు చెప్పేదాకా ముందుకు పోనివ్వదు. అరుదుగా వాడితేనే దీనికి విలువ. ప్రతి అడుగునా అడిగితే మనిషి చదవకుండానే 'అవును' నొక్కడం అలవాటు చేసుకుంటాడు.

అంచెల ఫారం: విజర్డ్ అనేది ఇదే. పెద్ద పనిని నాలుగైదు మెట్లుగా విడదీసి, ఒక మెట్టు తరువాత మరొకటి చూపుతుంది. ఎప్పుడో ఒకసారి చేసే పనికి ఇది మేలు. రోజుకు వందసార్లు చేసే గుమాస్తాకు ఇదే ఫారం విసుగు తెప్పిస్తుంది.

ఆమోద ఫారం: ఒకరు నింపినదాన్ని మరొకరు చూసి ఒప్పుకోవడమో తిరస్కరించడమో చేసేది. ఇందులో ముఖ్యమైన గడులు మూడు: ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చేత.

రిపోర్టు: ఇది నింపేది కాదు, చదివేది. క్రియలన్నిటినీ కూర్చి చెప్పిన కథనం వంటిది. నెలాఖరున పాల సంఘం సభ్యురాలికి ఇచ్చే లెక్క చీటీ ఒక రిపోర్టు. పై ఫారాలన్నీ సరిగా ఉన్నాయో లేదో ఆమెకు తెలిసేది ఈ చీటీ వల్లనే.

4. ఒక గడి, రెండు కొలతలు

ఫారం రకాన్ని సరిగ్గా ఎన్నుకున్నా, గడి తప్పయితే ఫలితం ఉండదు. కోలారు జిల్లాలో భూమిని ఎకరాలు, గుంటల్లో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరం. సరిహద్దు దాటి చిత్తూరు వైపు వెళితే ఎకరాలు, సెంట్లు. 100 సెంట్లు ఒక ఎకరం. రెండుచోట్లా చుక్క పెట్టే రాస్తారు.

ఇప్పుడు 2.20 అని రాసి ఉందనుకోండి. కోలారులో అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. చిత్తూరు వైపు అది 2 ఎకరాల 20 సెంట్లు, అంటే 2 ఎకరాల 8 గుంటలు. తేడా 12 గుంటలు, మరోమాటలో 30 సెంట్లు. చిన్న రైతుకు అది చిన్న తేడా కాదు. కూడిక మరీ ప్రమాదకరం. అన్నకు 1.30, తమ్మునికి 1.30 ఉంటే మామూలు అంకెల కూడికలో 2.60 వస్తుంది. గుంటల లెక్కలో అది 3.20. ఈ సంగతి తెలియని ప్రోగ్రామరు విస్తీర్ణానికి ఒకే దశాంశ గడి ఇస్తాడు. తెలిసినవాడు రెండు గడులు ఇస్తాడు. గుంటల గడిలో 39కి మించిన అంకెను రానివ్వడు. దీన్నే సరిచూపు నియమం అంటారు. ఈ నియమం రాయడానికి గొప్ప కంప్యూటర్ విద్య అక్కరలేదు. ఆ ఊరి కొలత తెలిస్తే చాలు.

5. రెండు వేలిముద్రలు

ఫారం ఎవరి కోసం అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. దీనికి కోలారు చరిత్రలోనే రెండు సమాధానాలు దొరుకుతాయి.

1880ల నుంచి బంగారు గనులను నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరగాం, నందిదుర్గం గనుల్లో పనిచేసినవారిలో అధికులు తమిళులు. చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చిన తెలుగువారూ వారితో ఉన్నారు. 1930లో కార్మికులందరినీ వేలిముద్రలతో నమోదు చేసే కొత్త పద్ధతి తెచ్చినప్పుడు వారు దానికి ఎదురుతిరిగి సమ్మె చేశారు. నేటి మాటల్లో చెప్పాలంటే అది కార్మికుల మాస్టర్ ఫారం. అందులో కార్మికుడు తాను నింపే గడి ఒక్కటీ లేదు. అతని వేలు మాత్రం కావాలి. ఒకచోట పని పోగొట్టుకున్నవాడు పక్క గనిలో మరో పేరుతో చేరి పొట్టపోసుకునే దారిని అలాంటి నమోదు మూసివేయగలదు. కాగితం మీద వేలిముద్ర అడగడమంటే దొంగను చూసినట్టు చూడడమేనన్న బాధ అందులో ఉంది. ఫారం మీద సమ్మె చేసిన ఊరు కనుక ఈ పాఠానికి ఇంతకన్నా తగిన చోటు మాకు తోచలేదు.

గనులను 1956లో మైసూరు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపింది. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడ్డాయి. ఇంచుమించు అదే కాలంలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పేరుతో రాష్ట్రమంతటా భూమి రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించింది. 177 తాలూకాల్లో దాదాపు 2 కోట్ల పహణీలు. కోలారు తాలూకాలూ అందులో భాగమే. అంతకుముందు పహణీ చేతివ్రాత పుస్తకం, పాతకాలంలో శానుభోగు దగ్గర, తరువాత గ్రామలెక్కిగుని దగ్గర ఉండేది. దాని నకలు కావాలంటే ఆయన ఎప్పుడు దొరికితే అప్పుడే. భూమి కేంద్రంలో తొలినాళ్ళలో 15 రూపాయలు కట్టి ఎవరైనా ముద్రిత పహణీ పొందగలిగారు.

మన పాఠానికి పనికివచ్చేవి ఆ వ్యవస్థలోని మూడు ఏర్పాట్లు. ఒకటి, పేరు మార్పు కోసం వచ్చిన దరఖాస్తును లావాదేవీ ఫారంలో ఎక్కించగానే దానికి ఒక సంఖ్య పడుతుంది. ముందు వచ్చినది ముందే చూడాలి. మధ్యలోకి మరొకదాన్ని తెచ్చిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. రెండు, గుమాస్తా చూసే తెరతో పాటు రైతు వైపు తిరిగిన రెండో తెర పెట్టారు. తన పేర ఏం రాస్తున్నారో రైతు చూడవచ్చు. మూడు, నమోదు చేసే అధికారి తన వేలిముద్ర వేస్తేనే ఫారం తెరుచుకుంటుంది. ఆ మార్పు ఎవరు చేశారో రికార్డులో నిలిచిపోతుంది.

ఈ మూడోదాన్ని 1930 పక్కన పెట్టి చూడండి. సాధనం ఒకటే, వేలిముద్ర. అప్పుడు అడిగింది కింద ఉన్న కూలిని. ఇప్పుడు అడిగింది బల్లకు అవతల కూర్చున్న అధికారిని. మొదటిది మనిషి మీద నిఘా, రెండోది అధికారం మీద జవాబుదారీ. ఫారం ఏ రకానిదో తెలుసుకోవడం ఎంత అవసరమో, దానిలో ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో తెలుసుకోవడమూ అంతే అవసరం.

అలాగని 'భూమి'తో కష్టాలన్నీ తీరాయని చెప్పలేము. పాత పుస్తకంలోని తప్పు పేరు, తప్పు విస్తీర్ణం కంప్యూటర్‌లోకి ఎక్కితే అవి ముద్రిత అక్షరాల గౌరవం పొందాయి. పైగా రికార్డులు ఒకచోట చేరడం వల్ల బెంగళూరు పరిసరాల్లో పేద రైతు కన్నా భూమి కొనే పెద్దలే ఎక్కువ లాభపడ్డారని విమర్శించిన పరిశోధకులూ ఉన్నారు. రైతు వైపు తెర తిప్పినా, దాని మీది లిపి అతనికి చదవరాకపోతే ఆ తెర సగమే పనిచేస్తుంది. ఇంట తెలుగు, పత్రంలో కన్నడం ఉన్న పల్లెల్లో ఇది మేము చూస్తూ వచ్చిన సంగతే.

6. దిద్దుబాటు ఫారం

చివరిగా, సాధారణంగా పాఠ్యపుస్తకాలు విడిచిపెట్టే ఒక రకం గురించి. తప్పును దిద్దే ఫారం అది. దీని అవసరం తెలియాలంటే కోలారు నుంచి ఒక్కసారి తెలంగాణకు వెళ్ళాలి. అక్కడ 2020 అక్టోబరు 29న 'ధరణి' పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషను, పేరు మార్పు ఒకేచోట, ఒకే రోజున జరిగే ఏర్పాటు అది. లావాదేవీ ఫారం వేగంగా పనిచేసింది. కాని మొదట్లో మాస్టర్‌లోని తప్పులను దిద్దడానికి తగిన ఫారాలు లేవు. పేరు తప్పుపడినవారు, విస్తీర్ణం తగ్గినవారు, తమ పొలం నిషేధిత జాబితాలో చేరినవారు ఎక్కడ చెప్పుకోవాలో తెలియక తిరిగారు. తరువాత ఒక్కొక్క మాడ్యూలును చేర్చుతూ వచ్చారు. 2025లో భూభారతి చట్టం తెచ్చి, అదే ఏడు ఏప్రిల్ 14న కొత్త పోర్టల్‌ను ప్రారంభించారు. అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే అవకాశం ఆ చట్టంలో ఉంది.

భాషలో 'కాదు' అనే మాట లేకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. ఎదుటివాడు మన గురించి ఏం చెప్పినా కాదనడానికి మాట ఉండదు. దిద్దుబాటు ఫారం లేని వ్యవస్థలో పౌరుని స్థితి అదే.

7. విద్యార్థులకు

ఉద్యోగంలో మొదటిసారి ఒక ఫారం రూపొందించమన్నప్పుడు ఈ క్రమంలో ఆలోచించమని మా సూచన. ఇది ఉన్నదాన్ని చెబుతుందా, జరిగినదాన్ని చెబుతుందా? మొదటిది మాస్టర్, రెండోది లావాదేవీ. ఉమ్మడిగా ఉన్నదేది, వరుసల్లోకి పోయేదేది? ఏ గడిని జాబితాకు కట్టిపడేయాలి, ఏ గడిని విడిచిపెట్టాలి? ఆ ఊరి కొలత, ఆ ఊరి పేర్ల తీరు ఏమిటి? ఎప్పుడు అది సమాపకం అవుతుంది? తప్పయితే ఎవరు, ఏ ఫారంతో దిద్దుతారు? ఎవరి గురించి రాస్తున్నామో ఆ మనిషికి ఆ తెర కనిపిస్తుందా?

ఈ ప్రశ్నల్లో సగానికి జవాబు కంప్యూటర్ పుస్తకాల్లో దొరకదు. మీ నాయనమ్మనో, ఊళ్ళో పాల సంఘం లెక్క రాసేవారినో అడగాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి పహణీయో, పాస్‌పుస్తకమో ఒకసారి తీసి గడి గడీ చదవండి. మీ పెద్దల పేర్లు ఎలా రాశారో, విస్తీర్ణం సరిపోయిందో లేదో చూడండి. తప్పు కనిపిస్తే ఇప్పుడే దిద్దించండి. పాఠం అక్కడే మొదలవుతుంది, ప్రయోజనం కూడా అక్కడే కనిపిస్తుంది.